దూడలో నా సగం

ఆ వయసులో నా నోటికి "తెలియదు" అనే మాట అలవాటు లేదు. ఎవరేమడిగినా ముందు "ఓ, తెలుసు" అనేసి, అదేమిటో తర్వాత తీరిగ్గా కనుక్కునేవాణ్ణి. బహ్రెయిన్ వచ్చిన కొత్తలో సల్మాబాద్ గోదాములో మూటలు మోస్తుంటే మా కఫీల్ (వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని) వచ్చి, తన తోటలో ఆవుల్ని చూసుకోవడం ఎవరికైనా వచ్చా అని అడిగాడు. అందరికంటే ముందు లేచిన చెయ్యి నాదే. (మా ఇంట్లో పశువులే లేవు. మా మేనమామకి గేదెలుండేవి గానీ, వాటిని అరుగు మీంచే చూసేవాణ్ణి. దిగితే పెద్దది పొడిచేది.) అలా తోటకి వచ్చిపడ్డాను. ఖర్జూరపు చెట్ల నీడ, నాకంటూ ఒక గది, చిక్కటి పాల టీ. ఆ సుఖం మరిగాక సల్మాబాద్ పేరు వింటేనే నడుం నొప్పి వచ్చేది.

చలికాలం మొదలవుతుండగా పక్క తోట హాజీ వచ్చాడు. చల్లబడగానే ఇక్కడివాళ్లు చాలామంది ఎడారిలో గుడారాలు వేసుకుని గడుపుతారు. ఆయన కూడా ఇంటిల్లిపాదితో, పనివాళ్లతో సహా బయల్దేరుతున్నాడు. గుడారాలు పీకేదాకా తన ఆవుల్ని మా కొట్టంలో ఉంచి మేపాలట, ఎంత తీసుకుంటారో చెప్పాలట. పొరుగువాణ్ణి డబ్బు అడగడం మా కఫీల్‌కి సిగ్గు, అందుకని "నువ్వే చెప్పు" అన్నాడు. పొరుగువాడి శ్రమకి వెల కట్టడం హాజీకి సిగ్గు, అందుకని "కాదు, నువ్వే చెప్పాలి" అన్నాడు. కాఫీ పోసుకుంటూనే ఉన్నారు, ధర మాత్రం ఎవరి నోటా రావడం లేదు. చివరికి మా కఫీల్ నన్ను పక్కకి పిలిచి, వచ్చీరాని హిందీలో, "ధర నువ్వు చెప్పు. ఆవులు వస్తే ఇక్కడ నీకు పని ఉంటుంది. బేరం చెడిందా, ఖలాస్, మళ్లీ సల్మాబాద్" అన్నాడు.

ఎక్కువ చెబితే హాజీ లేచిపోతాడు, తక్కువ చెబితే కఫీల్ మండిపడతాడు. గడ్డి ధర, దాణా ధర నేనెప్పుడూ కనుక్కోలేదు. ఆ తడబాటులో మా ఊళ్లో విన్న పద్ధతి గుర్తొచ్చింది: ఒకరి ఆవుని ఇంకొకరు మేపితే డబ్బు మాటే ఉండదు. పాలు, పేడ మేపినవాడివి, పుట్టిన దూడలో చెరిసగం. హాజీ ఆవుల్లో ఒకటి చూడితో ఉంది. ఇంకేం! హాజీ దగ్గర పనిచేస్తూ అరబ్బీ దంచేసే జగిత్యాలన్నకి ఈ సంగతి చెప్పాను.

"ఏంది తమ్మీ, ధర చెప్పుమంటె దూడల సగం అడుగుతున్నవ్?"

"మా వైపు అంతే అన్నా. నువ్వు చెప్పు ముందు."

"చెప్తగని, గల్ఫుకొచ్చి ఇన్నేండ్లాయె, ఇసొంటి బేరం ఎన్నడు సూడలే."

హాజీ అంతా విని, కాఫీ గిన్నె కింద పెట్టి ఏదో అడిగాడు.

"ముందటి సగమా, ఎన్క సగమా అంటున్నడు."

"రెండూ కలిపి సగం" అన్నాను. (అంటే ఏమిటో నన్నడక్కండి.) హాజీ పొట్ట పట్టుకుని నవ్వి, నా చేతిలో చెయ్యి వేసి "ఖలాస్" అన్నాడు. నేను గట్టెక్కాననుకున్నాను. కఫీల్ మాత్రం ఆ చలికాలమంతా నాతో ముభావంగానే ఉన్నాడు. ఎందుకో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఆవు ఈనేటప్పుడు జగిత్యాలన్న ఎడారి నుంచి ఫోన్‌లో కేకలేస్తుంటే, నేను ఫోన్ పట్టుకుని ఆవు చుట్టూ తిరిగాను. ఆవే తన పని తాను చూసుకుంది. పెయ్యదూడ, నుదుట తెల్ల మచ్చ.

హాజీ, జగిత్యాలన్న తిరిగొచ్చాక నలుగురం ఆ దూడ చుట్టూ చేరాం. "మీ సగం మాటేమిటి?" అని హాజీ అడిగితే, కఫీల్ నావైపు చూపించి, "వాటా అతనిది, అతన్నే అడుగు" అన్నాడు.

"నాది కాదు, మీ సగం!" అన్నాను.

"నాదా? పొరుగువాడి దూడలో వాటా అడిగే మనిషినా నేను?"

"నేను చెయ్యి కలిపింది ఇతనితోనే" అన్నాడు హాజీ.

ఇటు మాట అటు చేరవేసి అలసిపోయిన జగిత్యాలన్న, "ఎవ్వలకు వద్దంటె నాకియ్యుండ్రి" అని విసుక్కున్నాడు. ఇక దాచలేక, నాకు ధరలే కాదు, ఆవుల సంగతే తెలియదని చెప్పేశాను. సల్మాబాద్ బస్సు కళ్ల ముందు కనబడింది. కఫీల్ మీసంలో నవ్వుకుని, "నాకు మొదటి రోజే తెలుసు. ఆవులకి మాత్రం చెప్పకు, యల్లా, పద, గడ్డి వెయ్యి" అన్నాడు. హాజీ మాత్రం ఇచ్చిన మాట తప్పనన్నాడు. దూడ తల్లితో వెళుతుంది, నా సగాన్ని చూసుకోవడానికి శుక్రవారం శుక్రవారం నేను వెళ్లాలి.

ఆ దూడ ఇప్పుడు పెద్ద ఆవు. సెలవు పూట వెళ్లి నా సగాన్ని కడిగి వస్తుంటాను (మిగతాది మురికిగా వదిలెయ్యలేక అదీ కడుగుతాను). ఏ సగం నాదో నేటికీ తేలలేదు. అది నన్ను తన్నినప్పుడు మాత్రం జగిత్యాలన్న గోడ అవతలి నుంచి అరుస్తాడు: "తమ్మీ, గదే నీ సగం!" మోకాలు రుద్దుకుంటూ ఉంటే, గోదాములో అందరికంటే ముందు చెయ్యెత్తిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడి చెవి మెలిపెట్టి కూర్చోబెడదామా అనిపిస్తుంది. వాడు ఆ రోజు కూర్చునే ఉంటే ఈ తన్ను కూడా నాకు దక్కేది కాదు కదా అని ఊరుకుంటాను.