రుద్రమ్మ ఇచ్చిన ధైర్యం

అమీర్‌పేట సందులో చీరలకు ఫాల్, పికో కుట్టే రుద్రమ్మ దగ్గరికి చీరలతో వచ్చేవాళ్లు కొందరైతే, తలనొప్పి కబుర్లతో వచ్చేవాళ్లు కొందరు. నాలుగేళ్ల కిందట ఆమె మెదడులో రక్తనాళం ఒకటి బుడగలా ఉబ్బింది. పంజాగుట్టలో ఓ ఆసుపత్రివాళ్లు తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, ఆ బుడగలో ప్లాటినం తీగ చుట్టలు నింపారు. తలకు కోత లేదు, కుట్టు లేదు.

"ఒంటి మీద బంగారం లేకున్నా, తలల ప్లాటినం ఉన్నది" అని మిషన్ తొక్కుతూ అందరికీ చెప్పేది.

ఏటేటా స్కాన్‌కు రమ్మన్న డాక్టరు మాటను మాత్రం మొదటి ఏడాది దాటగానే పెడచెవిన పెట్టింది. నొప్పి లేనిదే ఆసుపత్రి గడప తొక్కడం ఆమె దృష్టిలో పనిలేని పని. పైగా అదేదో ఘనకార్యమైనట్టు చెప్పుకునేది. మధురానగర్‌లో ఉంటూ ఆమె దగ్గరే చీరలు కుట్టించుకునే బ్యాంకు ఉద్యోగి వసుమతి కిందటేడు అదే చికిత్స చేయించుకుంది. "చెకప్‌కి రమ్మంటున్నారండీ, వెళ్లాలంటారా?" అని ఆమె అడిగితే రుద్రమ్మ నవ్వేసింది.

"నేనేమన్న పోయిన్నా మేడం? మంచిగనే లేనా? ఫికర్ చెయ్యకుండ్రి."

వసుమతి వెళ్లడం మానేసింది. డాక్టరు మాట కంటే బతికి బట్టకట్టిన మనిషి మాటకు బరువెక్కువ మరి.

ఈమధ్య కొడుకు ప్రవీణ్ కంటి పరీక్ష అని నమ్మించి ఆమెను పంజాగుట్ట తీసుకెళ్లాడు. తీరా చూస్తే స్కాన్ గది. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఆ తిట్లన్నీ ఫలితం వచ్చేదాకానే. తీగ చుట్టలు నొక్కుకుపోయాయనీ, బుడగ అడుగున మళ్లీ రక్తం చేరుతోందనీ డాక్టరు చూపించాడు. ఇప్పటికిప్పుడు కొంపలేమీ మునగవు గానీ, మళ్లీ నింపకుండా వదిలేస్తే ఏనాటికైనా చిట్లవచ్చునట.

రుద్రమ్మకు తన తల కంటే ముందు వసుమతి తల గుర్తొచ్చింది. ప్రవీణ్ ఇంటికి పోదామంటున్నా వినకుండా ఆటో ఎక్కి మధురానగర్ వెళ్లింది. సిగ్గుతో గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా చెప్పేసింది.

"మీకు నొప్పేమైనా వచ్చిందా అండీ?" అంది వసుమతి.

"ఏం రాలే మేడం. లోపల్లోపలనే అయితదట. నా మాట పట్టుకొని ఆగకుండ్రి. నేను తప్పు చెప్పిన."

వసుమతి కుర్చీలో కూలబడింది. "భయంగా ఉందండీ."

అందరికీ ధైర్యం పంచిన రుద్రమ్మకు ఈసారి నవ్వు రాలేదు. వెళ్లి పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాకు సుత భయమే. సోమవారం రమ్మన్నరు. ఒక్కదానికి పోబుద్ధైతలేదు. మీరు సుత రాండ్రి మేడం, ఇద్దరం పోదాం."