సంత దాకా ఆగమన్న మనిషి

“మీ సుబ్బరామయ్య పోయినాడంట గదా సార్. నా పార్సిల్ ఎట్లా మరి?”

నా బాల్యమిత్రుడి మరణవార్త నిన్న ఉదయం నాకు చేరిన విధం ఇది.

ఫోన్ చేసిన వ్యక్తి పేరు రాయను. ఫోన్ పట్టుకుని ఉన్నచోటే కూర్చుండిపోయాను. సిగ్నల్ పోయిందనుకుని అతడు మళ్లీ అదే ప్రశ్న వేశాడు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. సుబ్బరామయ్య ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాడు. కొన్నేళ్లుగా అతని కొట్లో సగభాగం ఆన్‌లైన్ ఆర్డర్లకు పికప్ పాయింట్. ఆత్మకూరు నుంచి వచ్చే బండి అక్కడితో ఆగిపోతుంది. ఆ పైనున్న పల్లెలకు డెలివరీ లేదు. ఏడు రోజుల్లో తీసుకోకపోతే వస్తువు రిటర్న్.

గొర్రెలు కాసుకునేవారు ఉదయగిరికి దిగేది వారపు సంతకే. ఆ ఒక్క సంత తప్పిందా, పార్సిల్ పోయినట్టే.

“మీ ఏడు రోజులు మావోళ్లకు ఒక్క రోజే సారూ. రెండు సంతలు ఆగండి” అని ఆత్మకూరులోని కంపెనీ ఆఫీసుకు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నాడో! “సిస్టమ్ ఒప్పుకోదు” అన్నదే జవాబు.

ధర్మశాస్త్రం దీనిని న్యాసం అంటుంది. ఒకరు నమ్మి మన దగ్గర ఉంచిన వస్తువును భద్రంగా కాపాడి, వారి చేతికే అప్పగించాలి. ఆ మాట చదివినవాణ్ణి నేను. పాటించినవాడు అతను.

పోయినేడు జరిగిన సంగతి. దుత్తలూరు అవతలి పల్లెలో మల్లయ్య అనే గొర్రెలకాపరి, తల్లికి చెవి మిషన్ తెప్పించుకున్నాడు. గొర్రెలు ఈనుతుండడంతో సంతకు రాలేకపోయాడు. సాయంత్రంతో గడువు ముగుస్తుంది. పార్సిల్ కొట్టు దాటకూడదని రూలు. సుబ్బరామయ్య దాన్ని సంచిలో వేసుకుని నన్ను కూడా బస్సెక్కించాడు.

బస్సు దిగి ఎండలో నడిచాం. తీరా చేరితే మల్లయ్య ఫోన్‌కు ఓటీపీ రాదు! సిగ్నల్ కోసం ముగ్గురం గుట్ట ఎక్కాం. వచ్చిన అంకెలు నేను చదివాను, సుబ్బరామయ్య తన ఫోన్‌లో నొక్కాడు. దిగి వచ్చి మల్లయ్య వాకిట్లో కూలబడి, ఆ కంపెనీనీ నా మిత్రుణ్ణీ కలిపి తిట్టాను.

“నీ మోకాళ్లకు నేనేం జేసేదిరా, అయివోరా!” అని అతనూ తగ్గలేదు.

ఇంతలో మల్లయ్య తన తల్లి చెవికి మిషన్ పెట్టాడు. అవ్వ మమ్మల్ని ఎగాదిగా చూసింది.

“ఏందిరా, పోట్లాడుకుంటా ఉండారా? ఇంతసేపూ ఆవలిస్తా ఉండారనుకుంటినే!”

సుబ్బరామయ్య అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఈ ఉదయం ఆత్మకూరు నుంచి ఫోన్ వచ్చింది. “పాయింట్ క్లోజ్ చేస్తా ఉండాం సార్. రేపు బండొస్తాది, ఉన్నవన్నీ రిటర్న్. ఇంక కస్టమర్లు ఆత్మకూరుకే వచ్చి తీసుకోవాల.”

చితి ఇంకా చల్లారలేదయ్యా!

ఎల్లుండి సంత. రేపు బండి. కొట్లో పదకొండు పెట్టెలున్నాయి. ఒక్క రోజు ఆగమన్నాను. సిస్టమ్ ఒప్పుకోదట.

ఇక నా తప్పు కూడా చెప్పుకోవాలి.

పోయిన వారం సుబ్బరామయ్య నన్ను అడిగాడు. “ఒళ్లు బాగలేదురా. సంతరోజు ఒక్కపూట కొట్లో కూచోరా.” నేనేమన్నానో తెలుసా? “ఇంత చదువు చదివింది నీ డబ్బాలకు కాపలా కాయడానికా?”

 ఒళ్లు కాలే జ్వరంతో అతనే సంతరోజు పొద్దస్తమానం కొట్లో కూర్చున్నాడట. నిన్న అతని భార్య కొండమ్మ చెబితే తెలిసింది.

కోపం ఎవరి మీదని చూపించను?

ఇందాకే కొండమ్మను అడిగి కొట్టు తాళంచెవి, ఓటీపీలు నొక్కే అతని ఫోన్ తీసుకున్నాను. రేపు ఆ గడపలో కూర్చుంటాను. బండి ఖాళీగానే తిరిగి వెళుతుంది. కంపెనీవారు కేసు పెడితే నా పేరు రాసుకోమనండి. ఆ ఫోన్ వాడడం నాకు రాదు. తెలిసినవారు రేపు ఉదయం వచ్చి నేర్పండి.

పార్సిల్ ఉన్నవారు సంతరోజు మీ ఫోన్ తీసుకుని కొట్టుకే రండి. దయచేసి ఆ ఇల్లాలి గుమ్మం తొక్కి అడగవద్దు.

సుబ్బరామయ్యా, కూర్చుంటున్నానురా. ఆలస్యంగానే.

వెళ్లిరా మిత్రమా. ఎండ తగలని చోట నీకు విశ్రాంతి దొరుకుగాక.