టార్పాలిన్ కట్టిన చిన్న లారీ

2023 ఎండాకాలం. ఎమ్మిగనూరులో నాది సెల్‌ఫోన్ రిపేరు షాపు. దాంతోపాటు రిమోట్‌తో నడిచే చిన్న ట్రక్కులు కూడా బాగుచేస్తాను. మగ్గం నేసే మా నాయన, కొడుకేం చేస్తాడని ఎవరైనా అడిగితే "ఎలక్ట్రానిక్స్" అంటాడు. బొమ్మలు అనడానికి ఆయనకు ఇప్పటికీ నోరు రాదు.

నిజానికి ఇవి బొమ్మలు కావు. హాబీ గ్రేడ్ అంటారు. తిరునాళ్లలో కొన్న బొమ్మ చెడిపోతే పారేస్తాం. వీటిలో ప్రతి గేరూ, ప్రతి బేరింగూ విప్పి మార్చుకోవచ్చు. అంటే పారేసే అదృష్టం కూడా ఉండదు.

ఒక మధ్యాహ్నం మస్తాన్ చాచా ఆదోని నుంచి బస్సులో, ట్రక్కును చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. ఏళ్ల తరబడి సొంత లారీలో పత్తి తోలిన మనిషి. షుగరు వల్ల చూపు మసకబారి, లైసెన్సు రెన్యువల్ కాలేదు. ఒకప్పుడు ఆయన దగ్గర క్లీనరుగా చేసినవాడు, ఉస్తాదుకు పొద్దుపోవాలని ఈ బండి కొనిచ్చాడట.

"ఎత్తు ఎక్కేతప్పుడు సగంలో నిలబడిపోతాది. శానాసేపటికి మళ్లీ కదుల్తాది. ఇంజన్లో ఏదో ఉంది, సూడప్పా."

"దీనికి ఇంజను ఉండదు చాచా, మోటారు."

"నీకు మోటారు. నాకు ఇంజనే."

ఇలా ఆగడానికి మామూలుగా రెండు కారణాలు. ఒకటి, బ్యాటరీ దిగిపోవడం. రెండు, ఇఎస్‌సీ వేడెక్కడం. ఇఎస్‌సీ అంటే మోటారుకు ఎంత కరెంటు పంపాలో చూసుకునే చిన్న పెట్టె. మరీ వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. మా ఇంట్లో ఎవరికీ లేని తెలివి అది. బ్యాటరీ బాగుంది. ఇరుసులకు చుట్టుకున్న పత్తి పీచు తీసేశాను. షాపు ముందు తిప్పితే ఎక్కడా ఆగలేదు.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. "ఈడ నీకు భయపడి నడుస్తాది. ఆడ నా మాట వినదు."

ఆ ఆదివారం నేనే ఆదోని పోయాను. కొండ కింద, ఎత్తుకు పోయే వీధిలో ఆయన ఇల్లు. చాచా లోడు వేయడం మొదలుపెట్టాడు. అడుగున ఇసుక మూట. దానిమీద క్యాబిన్‌ను మించి పత్తి. ఆపైన మందమైన టార్పాలిన్ ముక్క, నాలుగువైపులా తాళ్లు బిగించి, అంచులు లోపలికి దోపి కట్టాడు. గాలి కాదు కదా, చీమ కూడా దూరదు.

చాచీ గడపలో నిలబడి అంది: "బియ్యం మూట జరపమంటే నడుము నొప్పి. ఈ మూటకు మాత్రం నొప్పి లేదు. అడుగు నాయనా."

వీధి సగంలో బండి ఆగింది. ఇఎస్‌సీని ముట్టుకున్నాను. దోశె పోయొచ్చు.

"టార్పాలిన్ తీసేస్తే చాలు చాచా. గాలాడక వేడెక్కుతాంది."

లుంగీ విప్పి బజారుకు పొమ్మన్నట్టు చూశాడు. "పత్తి లోడప్పా. వాన పడితే?"

"ఏప్రిల్ నెల చాచా!"

"వాన నీకు చెప్పి వస్తాదా?"

"పోనీ, ఇసుక తీద్దాం."

"ఖాళీ బండి ఎవుడైనా తోల్తాడు."

అరుగుమీద కూర్చున్నాడు. "లారీ అమ్మిననాడు ఏడ్సలేదు. కొన్నాయన ఆ మూల తిరుగుతా గేరు మార్చినాడు. తప్పు గేరు. ఆ సప్పుడు ఇంగా ఇనిపిస్తాంది. ఈ ఎడమచెయ్యి నిద్రలో గూడా గేరు మారుస్తాది, అడుగు మీ చాచీని."

"నన్నే గుద్దుతాడు," అంది చాచీ. కానీ నవ్వలేదు.

"డాక్టరు ఆపినాడు. లైసెన్సు ఆఫీసోళ్లు ఆపినారు. ఇది గూడా నన్ను అడక్కుండా నిలబడిపోతే ఎట్లప్పా?"

నా దగ్గర ఎప్పుడూ ఒక జోకు తయారుగా ఉంటుంది. ఆ పొద్దు దాన్ని పక్కనపెట్టి పనిలో పడ్డాను.

సామాన్ల పెట్టె తెరిచాను. మోటారు మీదుండే చిన్న గేరును పినియన్ అంటారు. ఇంకా చిన్నది వేస్తే వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది, వేడి తగ్గుతుంది. దానికీ, అది తిప్పే పెద్ద గేరుకూ మధ్య సన్నని కాగితం పెట్టి, సందు సరిచూసి బిగించి, కాగితం లాగేశాను. ఇఎస్‌సీని, దాని ఫ్యానుతో సహా, టార్పాలిన్ బయటికి, ముందు బంపరు దగ్గరికి మార్చాను. టార్పాలిన్ జోలికి పోలేదు.

"స్పీడు తగ్గుతాది చాచా."

"లోడు బండికి స్పీడెందుకు?"

చూపు ఆనదు కాబట్టి బండి వెనకాలే, వంగి నడిచాడు. ఎడమచేతి వేలు రిమోట్ ట్రిగ్గర్ మీద. రోజూ నిలబడే చోటు దాటింది. వీధి చివర, ఎత్తు మీద, ఆగింది.

పరిగెత్తి ఇఎస్‌సీని ముట్టుకున్నాను. గోరువెచ్చగా ఉంది, అంతే.

"మళ్లీ నిలబడిందా చాచా?"

"నిలబడలా. నేనే ఆపినా. ఘాట్ ఎక్కినాంక చాయ్ తాగకుండా ఎవుడు పోతాడప్పా?"

చాచీ చాయ్ పంపింది. బండి పక్కనే గొంతుకూర్చుని తాగాడు. కింద రోడ్డు మీద పోయే లారీలు ఆయనకు కనపడవు. చెవితో చూస్తున్నాడు. "అది పన్నెండు టైర్లది. ఖాళీగా పోతాంది, పాపం."

అప్పటినుంచి ఎవరు ట్రక్కు తెచ్చినా ముందు బ్యాటరీ చూడను. ఏం లోడు వేస్తారు, యాడికి తోలుకపోతారు అని అడుగుతాను. నా సంగతి తెలిసినవాళ్లు జోకనుకుని నవ్వుతారు. నవ్వు అయిపోయేదాకా ఆగి, జవాబు కోసం చూస్తాను.