నేను తర్జుమా చెయ్యని జవాబు

కుంఫిణీ చేతిలోంచి పాలన రాణిగారి చేతికి మారిన మరుసటి ఏడు, చలి తగ్గే మాసి నెలలో, కోయంబత్తూరు తంతి ఆఫీసులో జరిగే శిక్షణ తరగతికి నన్ను ఎంపిక చేశారు. చదువు పది నెలలు. విద్యార్థులం ఆరుగురం. అప్పట్లో ఆ శాఖలో మావంటివాళ్లకు రెండు ఉద్యోగాలు ఉండేవి. సిగ్నలరు మీట నొక్కి వార్త పంపుతాడు, వచ్చిన వార్త రాసుకుంటాడు. మెకానిక్కు ఆ యంత్రాన్ని విప్పి బాగుచేస్తాడు, బాటరీని చూసుకుంటాడు, తీగలో లోపం ఎక్కడుందో పట్టుకుంటాడు. మెకానిక్కు ఒక మెట్టు పైవాడు. ఆ ఏడు మధుర ఆఫీసుకు ఒకే ఒక మెకానిక్కు కావాలని మొదటి రోజే చెప్పారు.

అది నాదేనని అనుకున్నాను. మాది చిన్నమనూరు. వరిపొలాలూ కొబ్బరితోటలూ ఉన్న ఇల్లు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, మధుర మిషను బడిలో ఇంగ్లీషు. తరగతికి ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని ఆపకుండా చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్లు నా దగ్గరికి వచ్చి అర్థం చెప్పించుకునేవాళ్లు. అందులో చిన్నసామి ఒకడు.

చిన్నసామి వాళ్లది పళని దగ్గర బావులు తవ్వే తెలుగు కుటుంబం. తంతి స్తంభాలు పాతడానికి కూలీగా వచ్చాడు. అతను అతికిన తీగ ఎంత గట్టిగా ఉందో చూసి, మా హెడ్ మెకానిక్కు ఆరోగ్యం పిళ్ళె, సూపరింటెండెంటు దొర అనుమతి తీసుకుని అతన్ని తరగతిలో కూర్చోబెట్టాడు. పిళ్ళె చెన్నపట్నంలో పని నేర్చుకున్న అరవ క్రైస్తవుడు, మా ఉపాధ్యాయుడు. చిన్నసామి మొదట్లో నన్ను "సామీ" అని పిలిచేవాడు. ఇక్కడ అందరూ విద్యార్థులేనని పిళ్ళె గట్టిగా చెప్పాక "అన్నా" అనడం మొదలుపెట్టాడు. అది నాకు నచ్చలేదు. నచ్చలేదని పైకి అనలేదు.

నాలుగో నెలలో మాచేత విద్యుదయస్కాంతం చేయించారు. ఇనుప కడ్డీ చుట్టూ పట్టుదారం చుట్టిన రాగి తీగను వరసలు వరసలుగా చుట్టాలి. తీగలో విద్యుత్తు పారితే కడ్డీ అయస్కాంతమై, ఎదురుగా ఉన్న చిన్న ఇనుప బద్దను లాక్కుంటుంది. విద్యుత్తు ఆగగానే వదిలేయాలి. ఆ బద్దను మేము నాలుక అనేవాళ్లం. నేను చుట్టిన చుట్టలో ఒక్క వరస కూడా తప్పలేదు. కాని నాలుక అంటుకుని అక్కడే ఉండిపోయింది. తీగ విప్పి మళ్లీ చుట్టాను. మళ్లీ అంతే. రెండు రోజులు పుస్తకం తిరగేశాను.

చిన్నసామి వచ్చి నా కడ్డీని గోటితో గీసి చూశాడు. "చుట్టింది తప్పు లేదన్నా. ఇనుము గట్టిది. గట్టి ఇనుము పట్టిందాన్ని విడవదు. ఎర్రగా కాల్చి బూడిదలో పెట్టితే మెల్లగా ఆరి మెత్తబడుతాది" అన్నాడు. గునపాలకు పదును పెట్టే కొలిమి దగ్గర పెరిగినవాడు అతను. పదును ఎక్కించడం తెలిసినవాడికి దించడమూ తెలుస్తుంది. అతను చెప్పినట్టే చేశాం. మర్నాడు నాలుక టకటకా ఆడింది. పిళ్ళె మిగతా నలుగురినీ పిలిచి, చిన్నసామి చేత ఆ సంగతి మళ్లీ చెప్పించాడు. నా యంత్రం మీద, నా ఎదుటే.

ఆ రోజునుంచి నేను అతన్ని గమనిస్తూ వచ్చాను. తీగను ఎట్లా పట్టుకుంటాడు, బాటరీ జాడీలో మైలుతుత్తం నీళ్లు ఎంతవరకు పోస్తాడు, తుత్తునాగపు కడ్డీని ఎప్పుడు గీకి శుభ్రం చేస్తాడు, అన్నీ చూసేవాణ్ణి. తప్పు దొరుకుతుందేమోనని చూసేవాణ్ణి. దొరకలేదు. అతను ఇంగ్లీషు మాట తప్పుగా పలికితే మాత్రం నేను అందరికీ వినబడేలా సరిదిద్దేవాణ్ణి. అతను నవ్వి, నేను చెప్పినట్టే మళ్లీ పలికేవాడు. ఆ నవ్వుకు కూడా నా ఒళ్లు మండేది.

మార్గళి నెలలో పరీక్ష. పరీక్షకుడు సూపరింటెండెంటు దొర. నేర్పినవాడు పరీక్ష గదిలో ఉండకూడదన్నది శాఖ నియమం కనుక పిళ్ళె బయట కూర్చున్నాడు. దొరకు అరవం రెండు ముక్కలు తప్ప మన భాషలు రావు. ఇంగ్లీషు రాని అభ్యర్థుల జవాబులు తర్జుమా చేయమని నన్ను నియమించాడు. నా పరీక్ష అప్పటికే అయిపోయింది. బాగానే చేశాను. చేతిపనిలో చిన్నసామికి నాకంటే ఎక్కువ మార్కులు వేశారని బల్ల మీది కాగితంలో చూశాను. ఇక మిగిలింది అతని నోటి పరీక్ష.

దొర అతన్ని అడిగిన ప్రశ్న ఇది. తీగ తెగలేదు. బాటరీ కొత్తది. అయినా ఎండాకాలం వచ్చేసరికి వార్త మందగించి, చివరికి వినబడకుండా పోయింది. ఎక్కడ వెతుకుతావు, ఏం చేస్తావు?

నేను తెలుగులో చెప్పాను. చిన్నసామి తొందర లేకుండా జవాబిచ్చాడు. "మొదట జాడీలలో నీళ్లు చూస్తాను. తరువాత తీగ అతికిన చోట్లు తుప్పు పట్టినాయా అని చూస్తాను. రెండూ సరిగా ఉండాయంటే తప్పు తీగలో లేదు అన్నా, నేలలో ఉండాది. పోయిన శక్తి నేలలోగుండా కదా తిరిగి వచ్చేది. పలకను ఎండిన ఎర్రమన్నులో పూడ్చి ఉంటారు. ఈరం లేని మన్నులో అది నడవదు. చిత్తిర నెలలో కూడా వట్టిపోని బావి చూసి ఆ పలకను నీళ్లలోకి దించవలె. నిజమా కాదా అని చూసేదానికి ఒక తీగ కొసను బావినీళ్లలో పెట్టితే చాలు, అప్పుడే తెలిసిపోతాది."

తంతికి స్తంభాల మీద ఒకే తీగ ఉంటుంది. తిరుగుదారి భూమి. అందుకే ప్రతి ఆఫీసులోనూ ఒక లోహపు పలకను నేలలో పాతిపెట్టి యంత్రానికి కలుపుతారు. ఇది మాకు పాఠంలో ఒకే ఒక రోజు చెప్పారు. మన్ను ఎండితే ఏమవుతుందో చెప్పలేదు. అతని మాట వినగానే అదే సరైన జవాబని నాకు అర్థమైంది. నాకు ఆ ప్రశ్న పడివుంటే చెప్పగలిగేవాణ్ణి కాదనీ అర్థమైంది.

జాడీలలో నీళ్లు చూస్తాడని దొరకు చెప్పాను. అతుకులు చూస్తాడని చెప్పాను. అక్కడ ఆగాను.

దొర కలం పట్టుకుని ఎదురుచూశాడు. అంతేనా అని అడిగాడు. అంతే అన్నాను. చిన్నసామి నా వైపు తిరిగాడు. స్తంభాలు పాతేటప్పుడు దొరల వెంట తిరిగినవాడు కనుక ఆ రెండు మాటలకు సరిపడా ఇంగ్లీషు అతనికి వచ్చు. నోరు తెరిచాడు. అప్పటికి దొర కాగితం తిప్పి తరువాతి పేరు పిలిచాడు. నేను చేసినది అబద్ధం చెప్పడం కాదని, ఆపడం మాత్రమేనని ఆ క్షణంలోనే నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మధుర మెకానిక్కు ఉద్యోగం నాకిచ్చారు. చిన్నసామిని లైన్‌మన్‌గా, అంటే స్తంభాలూ తీగలూ చూసుకునే పనికి, నా కిందే వేశారు. అతను పనిలో చేరినప్పటినుంచి నన్ను "అన్నా" అనలేదు. "అయ్యా" అన్నాడు. హోదా ప్రకారం అదే సరి.

ఆ ఎండాకాలంలో వైగై ఏరు పూర్తిగా ఇసుక అయింది. మధుర ఆఫీసులో పొద్దెక్కేకొద్దీ వార్త మందగించేది, మధ్యాహ్నానికి నాలుక కదిలేది కాదు. మూడు రోజులు జాడీలు మార్చాను, అతుకులు గీకించాను. మందు ఏమిటో నాకు మొదటి రోజే తెలుసు. అది అతని నోటినుంచి వచ్చిన మందు కనుక ముట్టుకోలేకపోయాను. నాలుగో రోజు దొర స్వయంగా వచ్చి కూర్చున్నాడు. ఇక గత్యంతరం లేక, ఆఫీసు వెనక బావిలోకి పలకను దించమన్నాను. దిగినవాడు చిన్నసామి. మెట్లు లేని బావి అది. అతను రాళ్ల సందుల్లో కాలు పెట్టి దిగి, నీళ్లలో పలకను నిలబెట్టి, తీగ బిగించాడు. ఆఫీసులో నాలుక గట్టిగా కొట్టుకుంది.

దొర నా భుజం తట్టాడు. ఈ ఉపాయాన్ని అన్ని ఆఫీసులకూ పంపిస్తాననీ, ఎట్లా తోచిందో నా చేతిరాతతో వివరంగా రాసిమ్మనీ చెప్పి బసకు వెళ్లాడు.

చిన్నసామి బావిలోంచి వచ్చి పంచె పిండుకుంటూ నిలబడ్డాడు. "పరీక్షలో నేను చెప్పింది ఇదే కదా అయ్యా" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. పంచె దులుపుకుని, "ఇప్పుడైనా పూర్తిగా చేసితిరి" అన్నాడు.

"నీ పని చూసుకో" అన్నాను. నేను అన్నది అంతే.

మర్నాడు ఉదయం కాగితం ముందు కూర్చున్నాను. ఎట్లా తోచిందో రాయాలి. ఎండిన ఎర్రమన్ను అని రాశాను, అది అతని మాట. చిత్తిరలో వట్టిపోని బావి అని రాశాను, అదీ అతనిదే. మూడు కాగితాలు చించాను. నాది అనదగ్గ వాక్యం ఒక్కటీ రాలేదు. పశ్చాత్తాపంతో నిజం రాశానని చెప్పుకోలేను. దొంగిలించినదాన్ని నా పేరుతో రాస్తే, నాకు రాలేదన్న సంగతి జీవితాంతం నాకు తెలిసే ఉంటుంది, అది భరించలేకపోయాను. పరీక్ష గదిలో అతను ఇచ్చిన జవాబు మొత్తం రాసి, అందులో నేను వదిలేసిన భాగం కింద గీత గీసి, సంతకం పెట్టి పంపాను.

విచారణ రెండు వారాల్లో ముగిసింది. నన్ను సిగ్నలరుగా దించి దిండిగల్లుకు పంపారు. చిన్నసామికి మళ్లీ పరీక్ష పెట్టారు. ఈసారి తర్జుమాకు అభ్యర్థి కానివాణ్ణి కూర్చోబెట్టారు. నా స్థానంలో అతను మధుర మెకానిక్కు అయ్యాడు. నేను సామాను అప్పగించేటప్పుడు అతను ప్రతి యంత్రాన్నీ విప్పి చూసి, ఒక్కదాని గురించి మాత్రం అడిగాడు. "ఈ చుట్ట ఎవరు చుట్టింది?" నేనేనన్నాను. "బాగా చుట్టితిరి" అని పక్కన పెట్టాడు. క్షమించానని అతను అనలేదు, నేను అడగలేదు.

ఒప్పుకున్నాక మనసు తేలికపడుతుందని అంటారు. నాకు పడలేదు. దిండిగల్లులో నా బల్ల దగ్గర మధురనుంచి వచ్చే వార్త ఎంత తేటగా కొట్టేదో, అంత కష్టంగా ఉండేది. ఆ తేటదనం అతని చేతిపని అని నాకు తెలుసు. నేను తిరిగి మెకానిక్కు కావడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ నేను పని నేర్చుకున్నది అతని యంత్రాల చప్పుడు విని, అంతకంటే బాగా చేయాలన్న కుళ్లుతోనే.

తరువాత చాలా ఏళ్లకు నేనే పరీక్షకుణ్ణి అయ్యాను. నా హయాంలో రెండు పద్ధతులు పెట్టాను. పోటీలో ఉన్నవాణ్ణి మరొకడి జవాబు తర్జుమా చేయనివ్వలేదు. ప్రతి జవాబునూ మొదట అభ్యర్థి సొంత భాషలో రాయించి, అతనికి చదివి వినిపించి, ఆ తరువాతే ఇంగ్లీషులోకి మార్పించాను. పని ఆలస్యమవుతోందని పైవాళ్లు రెండుసార్లు మందలించారు. కారణం అడిగినప్పుడు, దాచకుండా, ఇప్పుడు రాసినదే చెప్పాను.