మడుగులో నిలవబెట్టిన సరుకు

చేప వాసనకే ముక్కు మూసుకునే పప్పుల వ్యాపారుల ఇంట పుట్టి, చేపల్ని నీళ్ళలో ఉండగానే కొన్నవాణ్ణి నేను. అదీ అడిగిన ధరలో మూడో వంతు తగ్గించి. జార్జి టౌన్‌లో అంతటి బేరం నాకు ముందు ఎవరూ చెయ్యలేదు. నా తర్వాత ఎవరూ సాహసించలేదు.

కొసస్థలైయారులో చెక్‌డ్యాం వెనక ఓ మడుగు. ఆ సీజన్లో దాని కొరమీనంతా నాది. వల వేసే హక్కున్న పెద్దాయనతో, మా టౌన్ పద్ధతిలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చాం. ఆయన ఒక షరతు పెట్టాడు: ఎగువన గేట్లు మూసి పారుదల ఆపేస్తే సగం సొమ్ము నాకు వాపసు. నాకు నవ్వొచ్చింది. నీళ్ళు ఆగితే సరుకెటు పోతుంది? తాళం వేసిన గోడౌనే కదా! షరతు వద్దు, బదులుగా ధర తగ్గించమన్నాను. తువ్వాలు కింద ఆయన వేళ్ళు నా వేళ్ళను మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాయి. తర్వాత ఒప్పుకున్నాయి. సొమ్మంతా అక్కడే ఇచ్చేశాను.

గేట్లు మూశారు. మడుగు నిండుగా, కదలకుండా నిలిచింది. పారే రోజుల్లో ఒడ్డున రాయిని కాలితో తిప్పితే పురుగులు చెదిరేవి, వాటి మీదికి చిన్న చేపలు గుంపుగా ఎగబడేవి. ఇప్పుడు రాళ్ళకు జిగురు బురద పట్టింది. పురుగుల్లేవు. కొన్నాళ్ళకు చిన్న చేపలూ లేవు. వాటిని తినే నా కొరమీను ఏం తింటోంది? వెళ్ళినప్పుడల్లా రాయి తిప్పాలంటేనే భయం వేసేది.

వల లాగిన రోజు, కొంటానని వచ్చిన రాయపురం వ్యాపారి ఒక చేపను తోక పట్టి ఎత్తాడు.

"ఇది తలకాయే ఉండాది సెట్టీ. చేప యాడ?"

కొనకుండానే వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినవాళ్ళూ అంతే.

సగమైనా రాబట్టాలని పెద్దాయన గుమ్మంలో కూర్చున్నాను. నా సొమ్ము అప్పటికే బియ్యంగా, కొత్త వలగా మారింది. మళ్ళీ నది పారేదాకా ఆ ఇంట్లో వాళ్ళు తినేది ఆ బియ్యమే. నేను వాపసు మాట ఎత్తగానే లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పెద్దాయన నా భుజం మీది తువ్వాలునే చూస్తున్నాడు.

"పారకుంటే సగం ఇస్తానంటిని. ఆ మాటను నువ్వే గదా సెట్టీ, ధర తగ్గించుకోని నాకే అమ్మేసినావు."

తువ్వాలు కింద తేలిన ధరను మళ్ళీ తిరగదోడడం మా ఇంటా వంటా లేదు. ఆ తువ్వాలుతోనే మొహం తుడుచుకుని లేచాను.

ఇక బిల్లు. సరుకు కోసం పిలిచిన వ్యాను కిరాయి నాది. సీజను నష్టమూ నాదే. షరతు ఉంచుకుని ఉంటే అడిగిన ధరలో సగమే పోయేది. గొప్పగా బేరమాడాను కాబట్టి మూడింట రెండు వంతులు పోయింది. ఆ తేడా, అక్షరాలా ఆరో వంతు, నా తెలివికి నేను కట్టిన ధర.