నాలుగో స్నానం

నూలుకు రంగులు అద్దే షెడ్డులో పనిచేసేదాన్ని నేను. మోచేతుల దాకా ఎప్పుడూ ఎరుపో నీలమో ఉంటుంది. వరంగల్‌లో జంపఖానాలు నేసే మా వాడలో అది వింతేం కాదు. నా కూతురు పురిటికొచ్చి, మనవరాలు పుట్టాకే నాకు ఆ రంగు మీద పగ పుట్టింది. పసిదాన్ని ముట్టుకోవాలంటే శుభ్రంగా ఉండాలి కదా. పొద్దున ఒక స్నానం, పాపకు నీళ్లు పోసే ముందు ఒకటి, షెడ్డు నుంచి రాగానే బట్టల సబ్బుతో మరొకటి. మరక పోకపోతే చిటికెడు బ్లీచింగ్ పౌడర్. షెడ్డులో అందరం అంతే చేస్తాం, అదో గొప్ప కూడా.

రెండు నెలలు తిరిగేసరికి ముంజేతి మీద రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ లేచి పొట్టు రాలడం మొదలైంది. కుష్టేమో అనుకున్నాను. చిన్నప్పుడు మా వాడలో కుష్టు వచ్చిన ఒకామెకు మంచినీళ్లు కూడా దూరం నుంచి దోసిట్లో పోసేవాళ్లు. ఆ దోసిలి కళ్ల ముందు కదిలింది. ఎవరికీ చెప్పలేదు. పొడుగు చేతుల జాకెట్ తొడుక్కుని నాలుగో స్నానం మొదలుపెట్టాను. నా తెలివి అట్లా ఏడ్చింది.

ఒక పొద్దున పాపను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తుంటే దాని చెంప మీద అదే మచ్చ కనిపించింది. చెంబు జారిపోయింది. చప్పుడుకు కూతురు వచ్చింది.

"ఏమైందమ్మా?"

జాకెట్ చెయ్యి పైకి లాగి చూపించాను. "నాకేమన్న గానీ బిడ్డా, పిల్లకు అంటిచ్చిన్నేమో."

కూతురు పాపను నా కాళ్ల మీది నుంచి లాక్కుంది. దాని తప్పేం లేదు. కానీ ఆ లాక్కోవడం నాకింకా గుర్తుంది.

దవాఖానలో డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమంది. "దూది తగిలిన కాడ వేలు పెట్టమ్మా." ఆ రోగమైతే స్పర్శ ఉండదని నాకు తెలుసు. ఏమీ తగల్లేదు. ఇంకా తగల్లేదు. నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు మచ్చ నడుమ సన్నగా గిలి పుట్టింది. వేలు పెట్టి ఏడ్చేశాను.

"రోజుకెన్నిసార్లు తానం చేస్తున్నవ్?"

"నాలుగుసార్లు. సలసల కాగే నీళ్లతోటి."

"పాపకు?"

"రెండు పూటలా. సున్నిపిండి పెట్టి రుద్దుత."

ఆమె కూతురి ఒళ్లో ఉన్న పాప చెంప కూడా చూసి పెన్ను పక్కన పెట్టింది. "రోగం ఏం లేదు. ఇద్దరికీ తోలు ఎండి పగిలింది. నీకు ఒక్కపూట చాలు, గోరువెచ్చటి నీళ్లు. తడి ఆరకముందే కొబ్బరినూనె రాసుకో. బ్లీచింగ్ ముట్టకు, పనిల గ్లౌజులు ఏస్కో. పాపకు దినం తప్పిచ్చి దినం నీళ్లు పొయ్. రుద్దుడు బంద్."

అంటించింది నేను కాదని తేలింది. తెచ్చిపెట్టింది మాత్రం నేనే. పాపను ముట్టుకోవాలంటే భయం మాత్రం దవాఖానలో వదల్లేదు, నాతోనే ఇంటికొచ్చింది.

మర్నాడు షెడ్డు నుంచి వచ్చి, కాళ్లు చేతులు మామూలు సబ్బుతో కడుక్కుని గుమ్మంలోనే ఆగిపోయాను. వేళ్లకు పాత నీలం అట్లాగే ఉంది. కూతురు పాపను నా చేతుల్లో పెట్టింది. "పట్టుకోమ్మా. తానం తర్వాత చేద్దువు."

పాప నా నీలం వేలు పట్టుకుంది. వెనక్కి లాక్కోబోయాను. అది వదల్లేదు.