చందానగర్ నుంచి నార్సింగికి మూడు కిటికీలు

మెడలో టై కట్టుకున్నవాడు అబద్ధం చెప్పడని జనం నమ్మే రోజులవి. నేనూ నమ్మేవాణ్ణి, అదీ నా టై గురించే. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. అనంతపురం నుంచి వచ్చి మాదాపూర్‌లోని ఒక ప్లాస్టిక్ కిటికీల కంపెనీలో సేల్స్ ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతోంది. పొద్దున్నే లేచి ఇవాళ బంద్ ఉందో లేదో కనుక్కున్నాకే పళ్లు తోముకునేవాళ్లం. నా పనల్లా పాత ఇళ్లకు వెళ్లి, వాళ్ల చెక్క కిటికీలను చూసి విచారంగా తలాడించడం. (ఎలా తలాడించాలో మా మేనేజరు స్వయంగా చేసి చూపించారు. డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూడాలట. ముందుగా ఏమీ మాట్లాడకూడదట.) నాలుగు నెలలు తలాడించినా ఒక్క ఆర్డరూ రాలేదు. ఈ నెలా రాకపోతే సర్దుకోవచ్చని మేనేజరు మర్యాదగానే చెప్పారు.

అలాంటి సమయంలో నార్సింగిలో నాకు టైలరక్క ఇల్లు దొరికింది. రాతి గోడల పాత ఇల్లు, ముందు గదిలో మూడు టేకు కిటికీలు. ఆ గదిలోనే అక్క కుట్టుమిషను పెట్టుకుని ఊళ్లో సగంమంది ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. ఆమె భర్త ఐటీ కంపెనీలకు క్యాబ్ నడిపేవాడు. నేను వెళ్లిన రోజు అక్క వెనక వంటింట్లో ఉంది. క్యాబన్న ఒక్కడే గుమ్మంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. నేను ఒక కిటికీ రెక్కను లాగాను. వానలకు ఉబ్బిపోయి రాలేదు. రెండోది లాగితే కిర్రుమని సగంలో ఆగింది. మూడోదాని అడుగున స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే చెక్క మెత్తగా దిగబడింది. నేను తలాడించాను. క్యాబన్న పేపరు మడిచి నావైపు చూశాడు. నాలుగు నెలల్లో మొదటిసారి నా తలాడింపు పనిచేసింది.

కొలతలు తీసుకోబోతే బ్యాగులో స్టీలు టేపు లేదు. ఆఫీసులో మరిచిపోయి వచ్చాను. ఆ మాట చెబితే టైకున్న పరువు పోతుందని, కుట్టుమిషను పక్కన మేకుకు వేలాడుతున్న బట్ట టేపు తీసుకుని ధీమాగా కొలిచి రాసుకున్నాను. అక్క వంటింట్లోంచి వచ్చేసరికి సంతకం కూడా అయిపోయింది. ఆమె కిటికీలవైపు, భర్తవైపు, చివరికి నా వైపు చూసి, "బతుకమ్మ పండుగ దగ్గరకొచ్చింది తమ్మీ. నాకు పొద్దంతా వెలుతురు గావాలె. ఎన్ని దినాలు పడ్తది?" అంది. "ఒక్క పూటక్కా. పొద్దున తీస్తే సాయంత్రానికి బిగించేస్తారు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత నమ్మకం ఉందో తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

చెప్పిన రోజున మా పనివాళ్లు వచ్చి మూడు కిటికీలనూ చౌకట్లతో సహా ఊడదీశారు. చందానగర్‌లో పాత తలుపులు, కిటికీలు అమ్మే ఒక సేటు ఆటో పంపించి వాటిని తీసుకుపోయాడు. మధ్యాహ్నానికి కొత్త కిటికీల లారీ రావాలి. మధ్యాహ్నానికి వచ్చింది లారీ కాదు, సమ్మె కబురు. బస్సులు ఆగిపోయాయి, రోడ్లమీద రాస్తారోకోలు మొదలయ్యాయి. లారీ ఎక్కడో నగరం బయట నిలిచిపోయింది. మా పనివాళ్లు పనిముట్లు సర్దుకుని నడుచుకుంటూ ఇళ్లకు వెళ్లిపోయారు. గోడలో మూడు పెద్ద కంతలు, వాటి ముందు నేనూ మిగిలాం.

"రేపొచ్చేస్తాదక్కా లారీ" అన్నాను. మర్నాడు కూడా అదే అన్నాను. మూడోనాడు అక్క నన్ను చూసి, "నువ్వు చెప్పకు తమ్మీ, నేనే చెప్త. రేపొస్తది. చాయ్ తాగుతవా?" అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. వాన జల్లు లోపలికి కొడుతుంటే క్యాబన్న ఎక్కడినుంచో మూడు పాత ఫ్లెక్సీ బ్యానర్లు తెచ్చి కంతలకు కట్టాడు. ఒక్కోదానిమీద ఒక్కో నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు. వాన ఆగింది గానీ గదిలో చీకటి పడింది. కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. అక్క మిషను గుమ్మం దగ్గరికి లాక్కుని, వచ్చే పోయేవాళ్ల కాళ్ల మధ్య కూర్చుని కుట్టేది. "పొద్దంతా ముగ్గురు నన్నే చూసుకుంట నవ్వుతుండ్రు. ఒక్కడన్న బొత్తం కుడ్తడా?" అనేది. నేను మాత్రం నవ్వలేకపోయాను. మూల కట్టలు కట్టలుగా జాకెట్ గుడ్డలున్నాయి. ప్రతి కట్ట మీదా ఒక పేరు రాసిన చీటీ ఉంది. పండక్కి ఇవ్వకపోతే ఆ పేర్లన్నీ వచ్చే ఏడు ఇంకో టైలరు దగ్గరికి వెళ్లిపోతాయి.

ఐదోరోజు ఎలాగో దారి దొరికి లారీ వచ్చింది. నేను లారీకి ఎదురు పరుగెత్తాను. లారీతో వచ్చిన పనివాళ్లు మొదటి కిటికీ ఎత్తి కంతలో పెట్టబోతే పట్టలేదు. అడ్డం తిప్పి చూశారు, పట్టలేదు. రెండోదీ, మూడోదీ అంతే. ప్రతి కిటికీ పొడవులోనూ వెడల్పులోనూ సరిగ్గా మూడు ఇంచులు పెద్దది. ఫ్యాక్టరీవాళ్లను ఫోన్లో నానా మాటలూ అన్నాను. అక్క నా చేతిలోని కొలతల కాగితం తీసుకుని చూసింది. "దేంతోని కొలిచినవ్ తమ్మీ?" అని నెమ్మదిగా అడిగింది. నేను మేకు వైపు చూపించాను. అక్క నెత్తిన చెయ్యి పెట్టుకుని మెట్టుమీద కూర్చుండిపోయింది. "దాని ముందర మూడు ఇంచులు ఎప్పుడో చినిగినయ్. కోసేసిన. నేను కుట్టేటప్పుడు మూడు తీసేసి లెక్క పెట్టుకుంట. అడుగుతే చెప్పకపోదునా?" అంది. ఆ రోజుల్లో నేను ఎవర్నీ ఏమీ అడిగేవాణ్ణి కాదు. అడిగితే తెలియదనుకుంటారని భయం.

కొత్తవి చేసి పంపడానికి ఎన్ని వారాలు పడుతుందో చెప్పలేమన్నారు ఫ్యాక్టరీవాళ్లు. ఇక మిగిలింది చందానగర్ సేటే. మర్నాడు తెల్లవారి బయల్దేరి చాలా దూరం నడిచి, కాస్త దూరం ఎవరిదో బండి వెనక కూర్చుని అతని దుకాణం చేరాను. నా మూడు కిటికీలూ గోడకు ఆనించి ఉన్నాయి. ఒకదానికి మాత్రం సుద్దముక్కతో గుర్తు పెట్టి ఉంది. "అది ఒక మేడమ్‌కు పసందైంది. అద్దం పెట్టిచ్చి హాల్లో తగిలిస్తదట" అన్నాడు సేటు. నేను టై విప్పి జేబులో పెట్టుకుని జరిగిందంతా చెప్పాను. టేపు సంగతి వచ్చేసరికి సేటు కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్లి, నవ్వంతా అక్కడ నవ్వి, ముఖం తుడుచుకుని వచ్చాడు. "తీస్కపో. మేడమ్‌కు ఇంకోటి చూపిస్త. బండి గూడ తీస్కపో, జర పైలం" అని ఒక తోపుడు బండి ఇప్పించాడు.

టేకు చెక్క ఎంత బరువుంటుందో మా శిక్షణలో చెప్పలేదు. గచ్చిబౌలి దాటేసరికి చేతులు బొబ్బలెక్కాయి. ముందు రోడ్డు మధ్యలో రాళ్లపొయ్యిలు పెట్టి, పెద్ద గిన్నెల్లో అన్నం వండుతున్నారు ఉద్యమంవాళ్లు. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుంది. కండువా వేసుకున్న ఒక పెద్దాయన బండికి అడ్డం నిలబడి "ఏడికి?" అన్నాడు. నాలుగు నెలల్లో నేర్చుకున్న తెలంగాణ మాటలన్నీ కూడగట్టుకుని, "నేను గిక్కడోన్నే అన్నా. గీ కిటికీలు గిట్ల గక్కడ ఇయ్యాల్నంటే, జర ఇగ పోనియ్యుండ్రి గదా" అన్నాను. పెద్దాయన వెనక్కి తిరిగి, "అరేయ్, ఇటు రాండ్రి. ఈయన మాట్లాడుతుండు, ఇనుండ్రి" అని నలుగురినీ పిలిచాడు. వాళ్ల ముందు మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. పొయ్యి దగ్గరున్నవాళ్లు కూడా గరిటెలు వదిలేసి నవ్వారు. "కడపనా, కర్నూలా?" అని అడిగాడు పెద్దాయన. "అనంతపురం అన్నా" అన్నాను నా గొంతుతోనే. "మరి గట్ల చెప్పు. మా ఊళ్లు మాగ్గావాలంటున్నం గని మీ అసుంటోళ్లతోని మాకేం పంచాయితి? కూసో, అన్నం తిను" అన్నాడు.

రెండో ముద్ద నోట్లో ఉండగా గుంపులోంచి ఎవరో "ఏయ్, గవి మా ఇంటి కిటికీలు" అన్నారు. క్యాబన్న. క్యాబులు ఆగిపోయిన దగ్గర్నుంచి రోజూ అక్కడికే వస్తున్నాడట. తిన్నాక అతనూ, ఇంకో ముగ్గురూ కలిసి బండికి చేయి వేశారు. ఒకరు కిటికీ చువ్వకు జెండా కట్టారు. దారిపొడవునా వాళ్లు నినాదాలిస్తుంటే, ఊరుకుంటే బాగుండదని నేనూ గొంతు కలిపాను. (మా నాన్నకు ఈ సంగతి చాలా ఏళ్లదాకా చెప్పలేదు.) అలా ఆ మూడు కిటికీలూ ఊరేగింపుగా నార్సింగి చేరాయి.

అక్క అప్పటికే ఊళ్లో వడ్రంగం చేసే వడ్ల తాతను పిలిపించి ఉంచింది. తాత కిటికీల చుట్టూ తిరిగి, గోరుతో గీకి, వేలి కణుపుతో కొట్టి చూశాడు. తల మాత్రం ఆడించలేదు. "రెండు బతుకుతయ్. పడమటిది బతకది, వాన తాగింది. దానికి కొత్తది చెయ్యాలె" అన్నాడు. "మరి ఈ రెండూ ఎందుకు కదలవు తాతా? చెక్క పాడయిందనే కదా నేను..." అన్నాను. "చెక్కకేమైంది? గుండు లెక్కున్నది. ఏడాదికోపారి రంగు మీద రంగేసిండ్రు. మనిషి నాలుగు అంగీలేసుకుంటె చేతులు ముడుచుకుంటయా? గీకు" అని నా చేతిలో రేకుముక్క పెట్టాడు.

రెండురోజులు గీకాను. ఆకుపచ్చ కింద గోధుమరంగు, దాని కింద నీలం. నీలం కనబడగానే అక్క మిషను ఆపి వచ్చి దాన్ని వేలితో తడిమింది. "ఇది నా పెండ్లికేసిన్రు. నేను ఈ ఇంట్ల కాలు పెట్టినప్పుడు గోడలకంటె ముందు కిటికీలే చూసిన" అంది. తర్వాత, "మొత్తం గీకకు తమ్మీ. లోపలి దిక్కు జర ఉండనియ్" అని వెళ్లి మళ్లీ మిషను ముందు కూర్చుంది. తాత తుప్పుపట్టిన బందులు మార్చాడు. ఒక రెక్క అడుగున పుచ్చిన మేర కోసేసి, కొత్త ముక్కను అతుకు తెలియకుండా దిగ్గొట్టాడు. పడమటి కిటికీకి అటకమీదున్న విరిగిన పట్టెమంచం కోళ్లూ పట్టెలూ సరిపోయాయి. చివర్న నూనె పట్టించి, గోడలో నిలబెట్టి, ఒక్క వేలితో నెట్టమన్నాడు. నెట్టాను. రెక్క చప్పుడు లేకుండా తెరుచుకుంది. అక్క మిషనును మళ్లీ పాత చోటికి జరిపింది. గదిలోకి వచ్చిన వెలుతురు తిన్నగా మిషను సూది మీద పడింది. ఇన్నేళ్లుగా అక్క మిషను అక్కడే ఎందుకుందో నాకప్పుడు తెలిసింది.

పండుగకు మిగిలిన రోజులు మూడే. సమ్మెలో ఆఫీసుకు వెళ్లే దారీ లేదు, వెళ్లి చూపించుకునే ముఖమూ లేదు. అందుకని అక్క దగ్గరే కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టాను. మొదటిరోజు కుట్టినవన్నీ అక్క ఊడదీసి మళ్లీ కుట్టింది. రెండోరోజువి సగం ఉంచింది. పండుగ పొద్దున ఆఖరి కట్ట కూడా వెళ్లిపోయింది. వచ్చిన ఆడవాళ్లందరికీ అక్క నన్ను చూపించి, "మా కిటికీల తమ్ముడు. హుక్కు ఊడితె ఈయన్నే అడుగుండ్రి" అని చెప్పింది.

ఉద్యోగం పోతుందనుకున్నాను, పోలేదు. ఆ పెద్ద కిటికీలను మేనేజరు షోరూములో నిలబెట్టి, విల్లాలకోసం వచ్చిన కొత్త మోడల్ అన్నారు. ఒక్క నెలలో మూడూ కోకాపేట వెళ్లిపోయాయి. నేనే మరుసటి ఏడాది మానేసి, తాత వెంట తిరిగి పాత కిటికీలు బాగుచేసే పని నేర్చుకున్నాను. అన్నీ బతుకుతాయని చెప్పను. బతకనిదాన్ని బతకదనే చెబుతాను.

ఇప్పుడు ఏ ఇంటికి పిలిచినా ముందు ఆ గదిలో కాసేపు ఊరికే కూర్చుంటాను. ఎండ ఏ వేళకు ఎక్కడ పడుతుందో, ఇంట్లోవాళ్లు ఎక్కడ కూర్చుని ఏం పని చేసుకుంటారో చూస్తాను. "వాస్తు చూస్తున్నారా సార్?" అని అడుగుతారు. అవునంటాను, కాదంటే ఇదంతా చెప్పాల్సి వస్తుంది. ఆ ఇరవై మూడేళ్ల కుర్రాడు ఆ రోజు టైలరక్క గదిలో పది నిమిషాలు ఇలా కూర్చుని ఉంటే ఎంత బాగుండేదని ఒక్కోసారి అనుకుంటాను. కూర్చుని ఉంటే నార్సింగిలో నాకొక అక్క ఉండేది కాదు కదా అని, వెంటనే వాణ్ణి క్షమించేస్తాను.